నీళ్ళు ఇంటికి రావాలా, మనిషి నీళ్ళ దగ్గరికి పోవాలా?

తూర్పున సముద్రం, పడమట కొండలు. ఆ రెండింటి నడుమ వాలుగా పరచుకున్న పట్టణం బెప్పు. జపాన్ దేశపు నైరుతి భాగంలోని క్యూషూ ద్వీపానికి తూర్పు తీరాన, ఓయితా రాష్ట్రంలో ఉన్నదది. చలికాలపు ఉదయం కొండవాలు మీద నిలబడి చూస్తే, ఊరు ఊరంతా ఒక్కసారిగా పొయ్యిలు రాజేసిందా అనిపిస్తుంది. ఇళ్ళ నడుమనుంచి, వీధుల మలుపులనుంచి, కాలువ కన్నాలనుంచి తెల్లని స్తంభాలు లేచి గాలికి వంగుతూ ఉంటాయి. అయితే అది పొగ కాదు, భూగర్భంనుంచి పుట్టుకొచ్చే ఆవిరి. 1,375 మీటర్ల ఎత్తున్న త్సురుమి అగ్నిపర్వతం ఊరి వెనుకనే ఉన్నది. దాని వేడికి కాగిన నీరు రెండువేలకు పైబడిన ఊటల రూపంలో ఈ పట్టణాన పైకి వస్తుంది. ఇన్ని వేడినీటి ఊటలున్న పట్టణం జపానులో మరొకటి లేదు.

ప్రపంచంలో ఎందరో సంపన్నులు నేడు వేలకు వేలు పోసి తమ పెరట్లో ఒక వేడినీటి తొట్టి కట్టించుకుంటున్నారు. మన దేశంలోనూ మహానగరాల భవంతులలో, కొండ ఊళ్ళ విడిది ఇళ్ళలో అది క్రమంగా ప్రవేశిస్తున్నది. అమెరికాలో స్థిరపడిన మనవారి ఇళ్ళకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు, వెనుక వరండాలో బుడగలు కక్కే ఆ తొట్టిని గురించి ఆశ్చర్యంగా చెప్పుకోవడమూ పరిపాటి అయింది. అది నిజంగా అంత ఖర్చుకు తగినదేనా? ఈ ప్రశ్నకు అంగడివాడు చెప్పే జవాబుకంటే, వేడినీటితోనే తరతరాలుగా బ్రతుకుతున్న ఒక పట్టణం చెప్పే జవాబు నమ్మదగినది.

వీధికొక స్నానశాల

బెప్పుకు వచ్చే యాత్రికులు ముందుగా చూసేవి అక్కడి "నరకాలు". స్నానానికి పనికిరానంతటి వేడితో కుతకుతలాడే మడుగులకు ఆ ఊరివారు పెట్టుకున్న పేరది. "సముద్ర నరకం" నీలిరాయి రంగులో మెరుస్తుంది. దాని వేడి 98 డిగ్రీలు. "నెత్తుటి మడుగు" పేరుకు తగ్గట్టు ఎర్రగా ఉంటుంది. కన్నావా అనే పేటలో భూమినుంచి వచ్చే ఆవిరిమీదనే కూరగాయలు, చేపలు, గుడ్లు ఉడికించి వడ్డిస్తారు. ఈ పేటలోని పొగరు ఆవిరిని పదమూడవ శతాబ్దంలో ఇప్పెన్ అనే బౌద్ధ సన్యాసి శాంతింపజేసి, రోగులకోసం ఆవిరి స్నానశాలను నెలకొల్పాడని స్థానికుల విశ్వాసం.

కాని బెప్పు అసలు జీవితం ఈ వింతలలో లేదు. అది సందుగొందులలోని చిన్న చిన్న స్నానశాలలలో ఉన్నది. పట్టణమంతటా ఇవి వందకు పైగానే ఉన్నాయి. చాలావాటికి పైఅంతస్తులో పేటవారి సమావేశ మందిరం, క్రింద స్నానశాల. గుమ్మం ప్రక్కనే ఒక చిన్న దేవతామూర్తి, ఆ మూర్తి ముందు తాజా పూలు. స్త్రీలకూ పురుషులకూ వేరు వేరు గదులు. లోపల అలంకారమేమీ ఉండదు. నేలలోకి దిగిన ఒక తొట్టి, చుట్టూ తడిసిన గచ్చు, గోడకు బట్టలు పెట్టుకునే అరలు, అంతే. పేటవారు కొద్దిపాటి నెలచందా కట్టి వీటిని తామే నిర్వహించుకుంటారు. తొట్టి కడిగేదీ, పూలు మార్చేదీ వంతులవారీగా వారే.

ఇక్కడి మర్యాదలు వ్రాసిపెట్టినవాటికంటె అలవాటైనవే ఎక్కువ. తొట్టిలోకి దిగేముందు చెంబుతో నీళ్ళు ముంచుకుని ఒళ్ళంతా శుభ్రంగా కడుక్కోవాలి. తొట్టి ఉన్నది మురికి వదిలించుకోవడానికి కాదు, వేడిలో సేదదీరడానికి. నీరు మరీ వేడిగా ఉన్నదనిపిస్తే చన్నీటి కొళాయి త్రిప్పవచ్చు. కాని ముందు లోపల ఉన్నవారిని అడగాలి. తువ్వాలును నీటిలో ముంచకూడదు. లోపలికి వచ్చేటప్పుడు ఒక పలకరింపు, వెళ్ళేటప్పుడు మరొక పలకరింపు తప్పనిసరి. పేటలో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి మనుమడు పరీక్ష గట్టెక్కాడో అందరికీ తెలిసేది అక్కడే.

ఊరి మధ్యనున్న తాకెగవారా స్నానశాల వీటన్నిటికీ పెద్దదిక్కు. అది 1879లో వెలసింది. నేటి భవనం 1938 నాటిది. బరువైన పెంకుల పైకప్పుతో దేవాలయాన్ని తలపించే ఆ భవనంలో ఇసుక స్నానం కూడా ఉన్నది. వేడినీటితో తడిసిన నల్లని ఇసుకలో మనిషిని పడుకోబెట్టి, మెడవరకు ఇసుక కప్పుతారు. పావుగంట తిరిగేసరికి ముఖం మీద చెమట ధారలు కడుతుంది.

ఇంకొక సంగతి ముఖ్యమైనది. ఇటువంటి స్నానశాలలలో చాలావాటిలో ఊటనీరు ఒకవైపునుంచి ఎడతెగక వచ్చి చేరుతూ, రెండవవైపు పొర్లి పోతూనే ఉంటుంది. నీరు నిలవ ఉండదు. ఇంటి తొట్టిని గురించి ఆలోచించేవారు ఈ ఒక్క విషయాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

ఇంట్లో తొట్టి వచ్చింది, వీధి మూగబోయింది

జపాన్ వారికి ఇంటి తొట్టి కొత్తది కాదు. "ఫురో" అని పిలిచే ఆ లోతైన తొట్టిలో మెడవరకు మునిగి కూర్చోవడం వారికి భోజనమంత సహజం. బయట ఒళ్ళు కడుక్కున్న తరువాతనే దిగుతారు కనుక, అదే నీటిని కుటుంబమంతా ఒకరి తరువాత ఒకరు వాడుకుంటారు. వేడి పోకుండా మూత పెడతారు. ఒకే నీరు, ఒకే వేడి, అయిదారుగురు మనుషులు. పొదుపుకు ఇంతకంటె చక్కని ఏర్పాటు ఊహించడం కష్టం.

అయితే ఒకప్పుడు అందరి ఇళ్ళలో ఈ తొట్టి లేదు. 1963 ప్రాంతంలో ప్రతి పది ఇళ్ళలో ఇంచుమించు ఆరింటికి మాత్రమే స్నానపు తొట్టి ఉండేది. తక్కినవారు సాయంత్రం కాగానే తువ్వాలు, సబ్బు చేతబట్టుకుని "సెంతో" అనే వీధి స్నానశాలకు నడిచేవారు. 1968 నాటికి దేశమంతటా ఇటువంటి స్నానశాలలు సుమారు 18,000 ఉండేవి. దేశం సంపన్నమైన కొద్దీ ప్రతి ఇంటికీ తొట్టి వచ్చింది. స్నానశాలలు ఒక్కొక్కటిగా పొగగొట్టాలు దించివేశాయి. నేడు మిగిలినవి రెండువేలకు లోపే.

ఇంట్లో తొట్టి ఉన్నవాడికి వీధి స్నానశాల లేకపోయినా నష్టం తోచదు. కాని తొట్టి లేని ముసలివాడు, ఒంటరి విధవరాలు, అద్దెగదిలోని విద్యార్థి అనే వారికి మాత్రం దూరం పెరుగుతుంది. స్నానం కంటె పెద్దదైన నష్టం మరొకటి కూడా ఉన్నది. రోజూ సాయంత్రం వచ్చే వ్యక్తి ఒకనాడు రాకపోతే, "ఏమైంది?" అని వెళ్ళి తలుపు తట్టేవారు ఉండరు.

ఇది కేవలం భావుకత కాదు. జపానులో ఏటా వేలమంది వృద్ధులు స్నానపు తొట్టెలలో మరణిస్తున్నారు. వాటిలో అధికభాగం సొంత ఇళ్ళలోనే, చలికాలంలోనే సంభవిస్తున్నాయి. చల్లని గదిలో బట్టలు విప్పినప్పుడు రక్తపుపోటు హఠాత్తుగా పెరుగుతుంది. వేడినీటిలో దిగిన తరువాత అంత హఠాత్తుగానూ పడిపోతుంది. స్పృహ తప్పిన మనిషి మెల్లగా నీటిలోకి జారిపోతాడు. అందుకనే అక్కడి ప్రభుత్వం వృద్ధులకు కొన్ని జాగ్రత్తలు చెబుతుంది: నీటి వేడి 41 డిగ్రీలు మించరాదు, తొట్టిలో పది నిమిషాలకు మించి ఉండరాదు, బట్టలు మార్చుకునే గదిని ముందే వెచ్చబరచాలి, దిగేముందు ఇంట్లోవారికి చెప్పి మరీ వెళ్ళాలి. వీధి స్నానశాలలో ఈ చివరి జాగ్రత్త ఎవరూ చెప్పకుండానే నెరవేరేది.

పీపాలోంచి పుట్టిన విలాసం

నేడు ప్రపంచమంతటా అమ్ముడుపోతున్న ఇంటి తొట్టి జపాన్ ఫురోకు దూరపు బంధువు మాత్రమే. దాని పుట్టుక అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన. 1960 దశకంలో శాంటా బార్బరా పరిసరాల యువకులు ద్రాక్షసారాయి నిలవచేసే పాత పీపాలను, రెడ్‌వుడ్ చెక్కతో చేసిన నీళ్ళ తొట్లను సంపాదించి, వేడినీళ్ళు నింపుకుని ఆరుబయట కూర్చోవడం ప్రారంభించారు. సరదాగా మొదలైనది పదేళ్ళలో పరిశ్రమ అయింది.

దాని రెండవ మూలం ఒక బిడ్డ బాధలోనుంచి వచ్చింది. ఇటలీనుంచి వలసవచ్చిన జకూజీ సోదరులు కాలిఫోర్నియాలో నీటి పంపులు తయారుచేసేవారు. వారిలో కాందిదో కుమారుడైన కెనెత్‌కు పసితనంలోనే కీళ్ళవాత వ్యాధి సోకింది. ఆసుపత్రిలో సుడినీటి చికిత్స అతనికి ఉపశమనమిచ్చేది. ఆ చికిత్స ఇంటిలోనే అందేటట్లు, మామూలు స్నానపు తొట్టిలో ముంచే పంపు ఒకటి ఆ కుటుంబం తయారుచేసింది. 1956లో అది జె-300 అనే పేరుతో విపణిలోకి వచ్చింది. 1968లో అదే కుటుంబంలోని రాయ్ జకూజీ, పంపు తొట్టిలోనే ఇమిడి ఉండే సుడినీటి తొట్టిని రూపొందించాడు. క్రమంగా ఇంటిపేరే వస్తువు పేరు అయింది. నొప్పి తగ్గించడానికి పుట్టిన పరికరం, అతిథులకు చూపించే అలంకారంగా మారింది.

లెక్క వేసి చూస్తే

కొనదలచినవారు ముందుగా నీటి లెక్క వేసుకోవాలి. నలుగురు కూర్చునే తొట్టిలో సుమారు 1,200 లీటర్ల నీరు పడుతుందనుకుందాం. ఇరవై లీటర్ల బకెట్లతో కొలిస్తే అరవై బకెట్లు. సిమ్లా వంటి చల్లని ఊళ్ళో 15 డిగ్రీలున్న ఆ నీటిని 39 డిగ్రీలకు కాచడానికి మామూలు విద్యుత్ హీటరుకు 33 యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. హైదరాబాదు వంటి చోట 27 డిగ్రీల నీటికి సుమారు 17 యూనిట్లు. ఇది ఒక్కసారి కాచడానికి మాత్రమే. ఆ తరువాత రాత్రింబవళ్ళు ఆ వేడిని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు వేరు. అదే మనిషి ఒక బకెట్ గోరువెచ్చని నీళ్ళు పోసుకుంటే మూడోవంతు యూనిట్ కూడా కాదు.

రెండవది బరువు లెక్క. మేడమీద తొట్టి పెట్టించుకోవాలన్న ముచ్చట చాలామందికి ఉంటుంది. ముప్పావు మీటరు లోతున్న నీరు ప్రతి చదరపు మీటరు మీద 750 కిలోల భారం మోపుతుంది. అందులో కూర్చునే మనుషుల బరువు, తొట్టి బరువు దీనికి అదనం. మన దేశపు భవన ప్రమాణాలలో, మనుషులు తిరుగాడే మేడకప్పుకు లెక్కించే భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అంటే కప్పు మోయడానికి కట్టినదానికి అయిదు రెట్లు. ఇంజనీరును సంప్రదించకుండా మేడమీద తొట్టి పెట్టడం, ఇంట్లోవారి నెత్తిమీద చెరువు పెట్టడమే.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, శుభ్రత లెక్క. బెప్పు నీరు పారే నీరు. ఇంటి తొట్టిలోది నిలవ నీరు. ఒకసారి నింపితే రెండు మూడు నెలలు అదే తిరుగుతూ ఉంటుంది. 25 నుంచి 45 డిగ్రీల వెచ్చదనం మనిషికి ఎంత హాయో, లెజియోనెల్లా అనే సూక్ష్మజీవికీ అంతే హాయి. బుడగలు చిట్లినప్పుడు లేచే తుంపరతో అది ఊపిరితిత్తులలోకి చేరి ప్రాణాంతకమైన న్యుమోనియా కలిగిస్తుంది. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్ అనే ఊరిలో పూల ప్రదర్శన జరిగింది. అందులో అమ్మకానికి పెట్టిన ఒక సుడినీటి తొట్టినుంచి ఈ జీవి వ్యాపించింది. చూపరులు తొట్టిలో దిగలేదు. దాని ప్రక్కనుంచి నడిచిపోయారు, అంతే. ముప్పై మందికి పైగా మరణించారు.

అందువల్ల తొట్టి ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు క్రమం తప్పక క్లోరిన్ పరీక్షించాలి, నీటి ఆమ్లత్వం సరిచూడాలి, వడపోత యంత్రం కడగాలి. అమెరికా ఆరోగ్యశాఖ సూచన ప్రకారం తొట్టి నీటిలో క్లోరిన్ పది లక్షల పాళ్ళకు కనీసం మూడు పాళ్ళు ఉండాలి. నీటి వేడి 40 డిగ్రీలు దాటరాదు. అయిదేళ్ళలోపు పిల్లలను అందులో దింపరాదు. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దిగరాదు. తొట్టి కొనేవారు నిజానికి ఒక పనిని కొంటున్నారు. ఆ పని ఎవరు చేస్తారో తేల్చుకున్న తరువాతనే బేరం మొదలుపెట్టడం మంచిది.

గడ్డి గుడిసెలలో పూసే పూలు

బెప్పువారికి కూడా ఊటనీటిని ఇంటికి తెచ్చుకోవాలన్న కోరిక లేకపోలేదు. కొన్ని ఇళ్ళకు, విడిది గృహాలకు గొట్టాలద్వారా వేడినీరు వస్తుంది. కాని భూగర్భజలం వట్టి నీరు కాదు. అందులోని లవణాలు గొట్టాలలో పేరుకుని పూడ్చివేస్తాయి. గంధకపు ఆవిరి లోహాలను తినివేస్తుంది. పైగా ప్రతివాడూ తన పెరట్లో బోరు దింపితే అందరి ఊటలూ చల్లబడతాయి. అందుకనే కొత్త బోర్లపై అక్కడ ఆంక్షలున్నాయి.

దీనికి బెప్పు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. మ్యోబాన్ అనే ఎగువ పేటలో, ఆవిరి చిమ్మే నేలమీద గడ్డి కప్పిన గుడిసెలు వరుసగా కనిపిస్తాయి. లోపల రాళ్ళు పరచి, వాటిమీద నీలిరంగు బంకమన్ను దట్టంగా పరుస్తారు. క్రిందినుంచి వచ్చే ఆవిరి ఆ మట్టితో కలిసి, మట్టి ఉపరితలంమీద సన్నని స్ఫటికాలు మొలుస్తాయి. వాటి పెరుగుదల రోజుకు ఒక మిల్లీమీటరు మాత్రమే. గడ్డికప్పు తేమను బయటికి పోనిస్తూ, వాన చుక్క లోపల పడకుండా కాపాడుతుంది. వారాల తరబడి ఎదిగిన తరువాత ఆ స్ఫటికాలను గీకి తీసి, శుద్ధిచేసి, పొట్లాలు కడతారు. వాటి పేరు "యునోహనా", అంటే వేడినీటి పూలు. ఎదో కాలంనుంచి సాగివస్తున్న ఈ పద్ధతిని జపాన్ ప్రభుత్వం జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఊరికి దూరంగా ఉన్న జపాన్ గృహిణి ఒక పొట్లం ఇంటి తొట్టిలో వేసి, బెప్పును తలచుకుంటుంది. యంత్రం లేదు, విద్యుత్తు లేదు. ఒక చిన్న పొట్లం చాలు.

వేడినీటి మేలు మాటేమిటి? బెప్పులో 65 ఏళ్ళు పైబడిన పదివేలమందికి పైగా వృద్ధుల అలవాట్లను పరిశోధకులు పరిశీలించారు. రాత్రివేళ ఊటనీటి స్నానం అలవాటైనవారిలో అధిక రక్తపుపోటు కొంత తక్కువగా కనిపించింది. అయితే స్నానంవల్లనే అది తగ్గిందా, లేక ఆరోగ్యవంతులే రోజూ స్నానశాలకు నడిచి వెళ్ళగలుగుతున్నారా అన్నది ఇటువంటి పరిశీలన తేల్చలేదు. వెచ్చని నీరు బిగుసుకున్న కండరాలను సడలిస్తుంది, కీళ్ళనొప్పికి తాత్కాలికంగా ఉపశమనమిస్తుంది, హాయిగా నిద్ర పట్టిస్తుంది. అంతవరకు నిస్సందేహంగా చెప్పవచ్చు. అంతకుమించి చెప్పే ప్రకటనలను నమ్మనవసరం లేదు.

మన నేలలోనూ కాగే నీరు

మన దేశం ఈ సంపదలో పేద కాదు. హిమాచల్‌లోని మణికరణ్‌లో పార్వతీనది ఒడ్డున, పొంగే నీటిలో మూటకట్టిన బియ్యాన్ని ముంచి అన్నం వండుతారు. బీహారులో రాజగిరి, బెంగాలులో బక్రేశ్వర్, మహారాష్ట్రలో వజ్రేశ్వరి శతాబ్దాలుగా స్నానఘట్టాలే. తెలుగువారు ఎక్కువగా వెళ్ళే బరంపురానికి యాభై కిలోమీటర్ల దూరాన, ఒడిశా అడవుల మధ్య తప్తపాణి ఉన్నది. భద్రాచలం సమీపాన గుండాల వద్ద గోదావరి ఇసుకను తవ్వితే వేడినీరు ఊరుతుంది. అదే తాకెగవారా ఇసుకకు మన చిన్న చెల్లెలు.

ఇక మన ఇళ్ళలో పండుగనాటి తలంటు ఉండనే ఉన్నది. తెల్లవారుజామున నీళ్ళపొయ్యి మీద కాగు, ఒంటికి నువ్వులనూనె, సున్నిపిండి, తలకు కుంకుడు రసం, వీపు రుద్దడానికి అమ్మ చేయి. ఆ స్నానపు హాయి నీటి పరిమాణంలో లేదు. ఆ పూట ఎవరో ఒకరు తీరిక చేసుకుని మరొకరికి నీళ్ళు పోస్తారు. ఆ హాయి అందులోనే ఉన్నది.

కాబట్టి ఇంట్లో వేడినీటి తొట్టి ఎవరికి తగును? నడవలేని కీళ్ళవాత రోగి ఉన్న ఇంటికి, వైద్యుడు సలహా ఇచ్చినప్పుడు, అది విలాసం కాదు. చల్లని ప్రాంతంలో ఉంటూ, ఏడాది పొడవునా ఇంటిల్లిపాదీ వాడుకునేవారికి, నీటిని శుభ్రంగా ఉంచే ఓపిక ఉన్నవారికి అది తగును. వేసవిలో నీళ్ళ ట్యాంకరుకోసం ఎదురుచూసే నగరంలో, ఏడాదికి నాలుగుసార్లు వచ్చే అతిథులకోసమైతే తగదు. ఆ డబ్బులో పదోవంతుతో కుటుంబమంతా తప్తపాణికో మణికరణ్‌కో ఏటా వెళ్ళిరావచ్చు. సంశయించేవారు ఒక ఏడాదిపాటు ముందుగా అలా వెళ్ళి చూడడం మేలు. ఎన్నిసార్లు వెళ్ళాలనిపించిందో లెక్కపెట్టుకుంటే, తొట్టి ఎన్నిసార్లు వాడబడుతుందో తెలిసిపోతుంది.

బెప్పులో చీకటి పడుతుంది. రైలుస్టేషను ముందు, ఆ ఊరిని యాత్రాస్థలంగా తీర్చిదిద్దిన అబురాయా కుమాహాచి విగ్రహం రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంటుంది. దాని దగ్గర యాత్రికులు చేతులు ముంచుకునే వేడినీటి తొట్టి. కొంచెం అవతల ఏదో ఒక సందులో, చేతిలో చిన్న బేసిను, భుజాన తువ్వాలుతో ఒక వృద్ధురాలు మెల్లగా నడుస్తూ ఉంటుంది. ఇంట్లో కొళాయి త్రిప్పితే వేడినీళ్ళు రాకపోవు. అయినా ఆమె పేట స్నానశాల తలుపు జరిపి, లోపలి ఆవిరిలోకి ఒక పలకరింపు విసురుతుంది. రెండు మూడు గొంతులు ఒకేసారి బదులు పలుకుతాయి.